వేపచెట్టు - అమ్మవారు - మన పాడిపశువులు

పొదిలి ప్రాంతంలో మన పాల సంఘాలను చూసినవారికి ఒక సంగతి తెలుస్తుంది. సంఘానికి సొంత భవనం ఉన్నా, అద్దె గదిలో నడుస్తున్నా, దగ్గరలో ఒక వేపచెట్టు ఉంటుంది. క్యాన్లు దించేది ఆ నీడలో. వెన్న శాతం మీద తగాదాలు తీరేది ఆ నీడలో. సర్వసభ్య సమావేశం కూడ చాలాచోట్ల అక్కడే. ఆ చెట్టును గురించి మన పెద్దలు నమ్మినవేమిటి, వాడినదేమిటి, అందులో నేటి పాడి రైతుకు పనికివచ్చేదేమిటి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ముందుగా మాకు ఎదురైన ఒక అనుభవం. కొన్నేళ్ల క్రిందట పొదిలి నుండి మార్కాపురం పోయే దారికి లోపలగా ఉన్న ఒక గ్రామానికి తనిఖీకి వెళ్ళాము. సంఘం తలుపు తాళం వేసి ఉన్నది. కార్యదర్శితో సహా ఊరంతా చెరువుగట్టు మీది వేపచెట్టు దగ్గర ఉన్నారు. చెట్టుకు పాలు కారుతున్నవట! వెళ్ళి చూస్తే నిజమే. మొదలులో ఒక పగులు నుండి తెల్లని నురగ కారుతూ ఉన్నది. చెట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొడుతున్నారు. ఆ నురగను సీసాల్లో పట్టి గొడ్లపై చల్లుకుంటున్నారు. ఆ ఉదయమే గాలికుంటు టీకాలు తెచ్చిన పశువైద్య సిబ్బంది మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, సగం పశువులకైనా సూది వేయకుండానే మంచుపెట్టె మూసుకొని వెళ్ళిపోయినారు.

మేము ఊరుకోక, "ఈ పాలలో వెన్న శాతం ఎంత?" అన్నాము. ఎవరూ నవ్వలేదు.

చెట్టుకు పాలు ఎందుకు కారుతవి?

వేపచెట్టులో తియ్యని రసం ఉంటుంది. నీటి పట్టున ఉన్న ముదురు చెట్లకు ఒక్కొక్కప్పుడు ఈ రసం పగుళ్ల గుండా వాటంతట అవే కారుతుంది. పూర్వం దీనిని వేపకల్లు అని పట్టుకొని మందుగా తాగేవారు. కాండానికి సూక్ష్మజీవులు పట్టినప్పుడు కూడ ఇలా కారుతుంది. బయటికి వచ్చిన రసం పులిసి నురగ కట్టి పాలవలె తెల్లగా కనిపిస్తుంది. కొన్ని రోజులకో వారాలకో ఆగిపోతుంది. ఇది చెట్టు స్వభావమే. అందులో గొడ్డు రోగాన్ని ఆపే శక్తి లేదు.

అమ్మవారి చెట్టు

ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడినప్పుడు పొదిలి నెల్లూరు జిల్లా నుండి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరినవి. 1972లో జిల్లాకు ప్రకాశం పేరు పెట్టినారు. జిల్లాలు మారినా, పోలేరమ్మ అన్నా అంకమ్మ అన్నా, ఈ పల్లెలన్నిటా అమ్మవారి చెట్టు వేపయే. చింతచెట్టు కింద రాత్రి పడుకోవద్దని, వేపచెట్టు కింద ఎంతసేపైనా పడుకోవచ్చునని పెద్దలు చెప్పేవారు. బాలింత గుమ్మానికి వేపమండ, దిష్టి తీయడానికి వేపమండ, తేలు మంత్రానికి వేపమండ. రావిని, వేపను పక్కపక్కన నాటి పెళ్ళి చేసి, కింద నాగశిలలు నిలిపి, సంతానం కోరే స్త్రీలు ప్రదక్షిణలు చేస్తారు. ఉగాదినాడు వేపపువ్వు లేని పచ్చడి లేదు.

మశూచి రోజుల్లో రోగిని వేపాకు పరచి పడుకోబెట్టేవారు. పొక్కులు గోకకుండా మెత్తని వేపమండతో తుడిచేవారు. వాకిట వేపమండలు కట్టిన ఇంటికి బయటివారు వెళ్ళేవారు కాదు. ఉపశమనానికి, అంటు ఆపడానికి ఇది కొంత పనిచేసింది. కాని రోగాన్ని రూపుమాపింది టీకా. ఆ టీకా వచ్చింది పాడి నుండే. 1796లో ఇంగ్లండులో జెన్నర్ అనే వైద్యుడు, ఆవుల పొదుగు నుండి పాలు పితికే పడుచు చేతికి అంటిన గోమశూచి పొక్కు రసం తీసి, ఒక పిల్లవానికి వేసి పరీక్షించినాడు. వ్యాక్సిన్ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం ఆవు అనియే. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది. 1980లో ప్రపంచమంతటా పోయినట్లు ప్రకటించినారు. పశువులను ఊళ్ళకు ఊళ్ళుగా చంపిన రిండర్‌పెస్టు కూడ టీకాలతోనే పోయి, 2011లో నిర్మూలన ప్రకటన వెలువడింది.

వేపతోరణంలోని కిటుకు

పశువులకు జాడ్యం వచ్చినప్పుడు ఊరి పొలిమేరలో వేపతోరణం కట్టి, గొడ్లను దాని కిందుగా తోలి, అమ్మవారికి పొంగళ్ళు పెట్టే ఆచారం మనకు తెలిసినదే. పైన చెప్పిన గ్రామంలో మా పరిహాసం విన్న ఒక వృద్ధ సభ్యురాలు మాతో ఇలా అన్నది:

"అయ్యా, తోరణం కట్టిన నాటినుంచి ఊరి గొడ్డు పొలిమేర దాటదు, బయటి గొడ్డు లోపలికి రాదు. సంతకు తోలడం ఉండదు, కొత్త గొడ్డును కొనడం ఉండదు. మీ డాక్టరు చెప్పేదీ అదేగా?"

మాకు జవాబు తోచలేదు. గాలికుంటు రోగి పశువు శ్వాస, చొంగ, పాలు, మేత, మనుషుల బట్టలు, చెప్పుల ద్వారా అంటుతుంది. రాకపోకలు ఆపడమే మొదటి జాగ్రత్త. ఆ జాగ్రత్తను మన పెద్దలు దేవత పేరున కట్టుబాటుగా పెట్టినారు. అయితే తోరణం కింద మందలన్నిటిని ఒకేచోట గుమిగూడ్చితే అంటు ఇంకా పెరుగుతుంది. జబ్బు పశువును ఇంటివద్దనే విడిగా కట్టవలెను.

రెండు నెలలు తిరగకుండా ఆ గ్రామానికి గాలికుంటు వచ్చింది. సంఘం రిజిస్టరులో పాల లెక్క సగానికి దిగిపోయింది. పాలు తాగే దూడలు కొన్ని, ఈ రోగం గుండెకు తగలడం వల్ల, నిలబడినట్లే పడిపోయినవి. తోరణం గురించి చెప్పిన ఆ సభ్యురాలి దూడ కూడ వాటిలో ఒకటి. ఆ రోజు మేము ఎగతాళి మాని, జనంతో కలిసి చెట్టు దగ్గర కూర్చొని, సిబ్బందిని అక్కడికే పిలిపించి ఉంటే సూదులు పడేవి. ఆ తప్పు మాది.

పనికివచ్చే వాడుకలు

వేప చేదు వట్టి చేదు కాదు. 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు పచ్చదనమంతా తిని వేపచెట్లను మాత్రం వదలడం స్మట్టరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గమనించినాడు. 1968లో ఇంగ్లండులో వేపగింజ నుండి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేసినారు. ఇది పురుగుల మేతను, ఎదుగుదలను అడ్డగిస్తుంది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతిపై ఒక అమెరికా కంపెనీకి, ఆ దేశ వ్యవసాయ శాఖకు ఐరోపా కార్యాలయం 1994లో పేటెంటు ఇచ్చింది. ఇది మన రైతులకు పాతదేనని వాదించగా 2000లో రద్దయి, అప్పీలు కూడ 2005లో వీగిపోయింది. అవ్వల వాడుక సాక్ష్యంగా నిలిచింది.

సభ్యులు పాటించదగినవి:

1. గాలికుంటు గిట్టల పుండ్లకు: వేపాకు, కుప్పింటాకు, గోరింటాకు, తులసి ఒక్కొక్క గుప్పెడు, వెల్లుల్లి 10 రెబ్బలు, పసుపు 20 గ్రాములు నూరి, అర లీటరు నువ్వులనూనెలో కాచి, చల్లార్చి, కడిగిన పుండుపై రాయవలెను. పురుగులు పడితే మొదటి రోజు సీతాఫలం ఆకు ముద్ద పెట్టవలెను. ఇది జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న పద్ధతి.

2. పైరు పురుగులకు: 5 కిలోల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి, 100 లీటర్ల నీటికి సరిచేసి చల్లవలెను.

3. కొట్టంలో దోమలకు సాయంత్రం వేపాకు పొగ పెట్టవచ్చును. మంట రేగకుండా, దూడలకు ఊపిరాడేటట్లు చూడవలెను.

జాగ్రత్తలు

వేపనూనెను పసిపిల్లలకు తాగించరాదు. ప్రాణాపాయం కలిగిన ఉదాహరణలు ఉన్నవి. పాలు ఇతర వాసనలను త్వరగా పట్టుకుంటవి. కనుక వేపనూనె రాసిన చేతులతో, కడగని పొదుగుతో పాలు పితకరాదు. క్యానులో చేదు వాసన వస్తే నష్టం ఒక సభ్యునిది కాదు, సంఘమంతటిది. వేపమందు పుండుకు ఉపశమనం. గాలికుంటు రాకుండా ఆపేది టీకాయే. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ఈ టీకా ఉచితం. నాలుగు నెలలు నిండిన దూడ నుండి ప్రతి పశువుకు ఆరు నెలలకొకసారి వేయించవలెను.

చెట్టును కూడ కాపాడుకుందాము. 2018లో మన రాష్ట్రవృక్షంగా ప్రకటించినది వేపనే. 2021లోను ఆ తర్వాతను తెలుగునాట వేపలు కొనలనుండి ఎండిపోతే కొందరు అరిష్టమన్నారు. అది శిలీంధ్రం, తేయాకు దోమ అనే పురుగు చేసిన పని. చాలా చెట్లు తిరిగి చిగిర్చినవి. ఎండిందని తొందరపడి నరకవద్దు.

ఆ గ్రామ సంఘం మరుసటి సంవత్సరం పాలకవర్గ సమావేశంలో ఒక తీర్మానం చేసినది. అమ్మవారికి తోరణం కట్టే రోజునే టీకాల సిబ్బందిని పిలవాలి. పశువులను గుంపుగా తోలకుండా, వీధి వీధికి వరుసగా సూది వేయించాలి. ఆ రోజు మేమూ వెళ్ళినాము. మొదట తన గేదెను పట్టుకొని నిలబడినది ఆ వృద్ధ సభ్యురాలే. గేదె కొమ్ములకు వేపమండ కట్టి ఉన్నది. ఇతర సంఘాలు కూడ తమ మినిట్స్ పుస్తకంలో ఇటువంటి తీర్మానం వ్రాసుకొనవలసినదిగా కోరుతున్నాము.