అమ్మమ్మ వాయిస్ రికార్డింగ్‌లో ఫ్యాన్ సౌండ్ ఇలా తగ్గించాను
అమ్మమ్మ మాటల్ని ఫోన్‌లో రికార్డ్ చేసినప్పుడు పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ఆవిడ లేరు, ఆ ఒక్క ఫైలే మిగిలింది.

కంప్యూటర్‌లో ఆడాసిటీ (ఫ్రీ సాఫ్ట్‌వేరే) ఓపెన్ చేశాను. ఆవిడ మాట ఆపిన చోట ఒక సెకను సెలెక్ట్ చేసి, నాయిస్ రిడక్షన్‌లో 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కాను. ఏ శబ్దం తీసేయాలో దానికి తెలిసేది ఇక్కడే. ఫ్యాన్ హోరు ఒకేలా ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది, కుక్కర్ విజిల్‌కి పనిచేయదు.

తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి 24 డెసిబెల్స్ పెడితే ఫ్యాన్ పోయింది, గొంతు కూడా నీళ్లలోంచి వస్తున్నట్టు అయిపోయింది! అన్‌డూ చేసి 12 పెట్టాను. కొంచెం హోరు మిగిలినా, గొంతు ఆవిడదే.

దగ్గులు కట్ చేసిన చోట పూర్తి నిశ్శబ్దం ఉంటే కాల్ కట్ అయినట్టు అనిపించింది. అక్కడ ఆ మిగిలిన హోరునే కాపీ చేసి అతికించాను. ఒరిజినల్ ఫైల్ మాత్రం డిలీట్ చేయకండి.