పగడానికి ఆకలేస్తే

ఉంగరంలో పొదిగే, నల్లపూసల మధ్య గుచ్చే ఎర్ర పగడం అసలైనదైతే అది చీకట్లో బతికిన ఒక జీవి ఎముకగూడు. మధ్యధరా సముద్రపు గుహల్లో, రాతి చూరుల కింద పెరిగే కొరాలియం రుబ్రమ్ అనే జాతి అది. దాని కొమ్మ మందం సాధారణంగా ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగదు. ఈ పగడం మొక్క కాదు, జంతువు అని 1720ల్లో మార్సేయ్ వైద్యుడు పెయ్సొనెల్ చెబితే పారిస్ పండితులు ఒప్పుకోలేదు. జంతువు కాబట్టే దానికి ఆకలి ఉంది.

దిబ్బలు కట్టే పగడాల్లో చాలావాటి ఒంట్లో సూక్ష్మమైన నాచుకణాలు కాపురం ఉంటాయి. ఎండను పట్టి వండిపెట్టేవి అవే. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఆ వంటే ఇస్తుంది. ఎర్ర పగడానికి, సన్ కోరల్ అనే మరో పగడానికి ఆ వంటిల్లు లేదు. నీళ్లలో కొట్టుకొచ్చింది పట్టుకు తినాల్సిందే.

ఇలాంటివి ఏవో కొన్నే అనుకోకండి. తెలిసిన పగడాల జాతుల్లో సగానికి పైగా లోతైన చల్లని నీళ్లలో ఉండేవే. నార్వే తీరంలో 2002లో బయటపడిన రోస్ట్ దిబ్బ 300 మీటర్లకు పైబడిన లోతులో 35 కిలోమీటర్లకు మించి పరుచుకుంది. హవాయి దగ్గర లోతు నీళ్లలో దొరికిన ఒక నల్ల పగడం వయసు 4,000 ఏళ్లు దాటింది.

అమెరికా, ఐరోపాల్లో ఇంటి ఆక్వేరియంలో ఈ వంటిల్లు లేని రకాలను పెంచే పట్టుదల గలవాళ్లు ఎక్కువగా సన్ కోరల్‌తో మొదలుపెడతారు. దానికి వెలుతురు పడదన్న మాట నిజం కాదు. వెలుతురున్న చోట నాచు త్వరగా పెరిగి దాన్ని కప్పేస్తుంది, అంతే. పగలు ముడుచుకున్న నారింజ మొగ్గల గుత్తిలా ఉంటుంది. రాత్రి ఒక్కో మొగ్గా విచ్చుకుని పసుపుపచ్చని మీసాలు చాస్తుంది. ఒక్కో మొగ్గా ఒక్కో నోరు! గుత్తిలో యాభై నోళ్లుంటే యాభైకీ తినిపించాలి.

పెంపకందార్ల పద్ధతి ఇది. ముందు గడ్డకట్టిన మైసిస్ రొయ్యలు కరిగిన నీళ్లు కాస్త తొట్టెలో పోస్తారు. వాసన తగలగానే పగడం మెల్లగా విచ్చుకుంటుంది. అప్పుడు నీళ్లు తిప్పే పంపు ఆపి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను గుత్తి మీద బోర్లించి, మూతి లోంచి గొట్టంతో మేత వదులుతారు. ఆ సీసా లేకపోతే తొట్టెలోని క్లీనర్ రొయ్య వచ్చి పగడం నోట్లోది లాక్కుపోతుంది. రోజూ అదే వేళకు పెడితే కొన్నాళ్లకు పట్టపగలే నోరు తెరవడం అలవాటవుతుంది. కడుపు మాడ్చితే మొగ్గల మధ్య కండ పలచబడి తెల్లటి గూడు బయటపడుతుంది.

మధ్యధరాలో దీని చుట్టం ఒకటుంది, ఆస్ట్రాయిడెస్ అని. పక్కపక్క నోళ్లన్నీ కలిసి తమకన్నా ఎంతో పెద్ద జెల్లీచేపను పట్టి తింటాయని 2018లో శాస్త్రవేత్తలు రాశారు.

చిన్న నోళ్లకు తగిన మేత ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి పిల్ల. కొత్తగా గుడ్డులోంచి వచ్చినప్పుడు అది అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. కోస్తాంధ్ర రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. ఎండు గుడ్లను ఉప్పునీళ్లలో వేసి గాలి కొడితే ఒకటి రెండు రోజుల్లో పిల్లలు. పుట్టినప్పటి సొన కరిగేలోపే మేతగా వేయాలి, ఆలస్యమైతే సత్తువ తగ్గిపోతుంది.

అన్నిటికన్నా గడ్డు రకం డెండ్రోనెఫ్తియా. గాజు కొమ్మకు గులాబీ రంగు పూత పూసినట్టుంటుంది. చూస్తే ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. తెచ్చాక చాలా తొట్టెల్లో నెలనెలా కుంచించుకుపోయి చనిపోతుంది. పగడాలన్నీ మాంసాహారులే అనుకునే రోజుల్లో, ఎర్ర సముద్రంలో ఈ పగడం ముఖ్యంగా వృక్షప్లవకాలను, అంటే నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచును తింటోందని 1995లో ఫాబ్రిషియస్, బెనయాహు, గెనిన్ చూపించారు. రోజుకోసారి పెట్టే విందు దీనికి చాలదు. పారే నీళ్లలో మేత రాత్రింబవళ్లు అందుతూనే ఉండాలి. అంత ఏర్పాటు లేనివాళ్లు దీన్ని కొనకూడదనే నా అభిప్రాయం. మెల్లగా మాడి చావడం చావే కదా.

మేత పెంచితే నీళ్లు పాడవుతాయి. మిగిలింది కుళ్లి నైట్రేటు, ఫాస్ఫేటు పేరుకుంటాయి. మురికిని నురగతో లాగేసే స్కిమ్మర్ కొంత మేతనూ లాగేస్తుంది. అందుకని కొందరు పక్క అరలో సముద్రపు నాచు పెంచి, ఆ మురికిని దానికి ఎరువు చేస్తారు. పగడానికి అక్కర్లేని దీపం, దాని ఎంగిలి ఎత్తే నాచుకు కావాలి.

పెంపకందార్లకు ఇంకో బెడద, సన్ కోరల్‌ను తినే ఒక చిన్న నత్త. అదీ పసుపే, దాని గుడ్లూ పసుపే. గుత్తి మీద కూర్చుంటే కంటికి ఆనదు.

మన దేశంలో మాత్రం ఈ పెంపకం ముచ్చట కుదరదు. సన్ కోరల్‌తో సహా గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలనే పగడాలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

తొట్టెలో ఇంత సేవ చేయించుకునే సన్ కోరల్, సొంత ఊరు కాని కరీబియన్‌లో 1943లో కనిపించి, 1980ల్లో బ్రెజిల్ చమురు వేదికలనెక్కి, అక్కడి రాళ్లను ఆక్రమించింది. కడుపు నిండితే అది పిల్లలను వదులుతూనే ఉంటుంది. బాగా మేపిన తొట్టెల్లో కొన్నాళ్లకు అద్దం మీద, పంపు వెనక ఆవగింజంత నారింజ చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్కకూ ఒక నోరు. ఇక సన్న గొట్టం వెతుక్కోవాలి.