మనం పెట్టుకున్న తేదీ

పత్రికాఫీసులో కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లు ముట్టుకోని పనులన్నీ అంటగట్టేవారు. నా వంతుకి ‘చరిత్రలో ఈ రోజు’ వచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి మాట. ఒక పాత ఇయర్‌బుక్కు, నాకంటే ముందు ఆ పని చేసినాయన వదిలిపోయిన అట్ట ఊడిన డైరీ, అంతే సరంజామా. ఆ డైరీని నమ్మి జూన్ 2 కింద ‘సంగీత దర్శకుడు ఇళయరాజా జననం’ అని రాసి పంపేశాను. నాలుగో రోజుకి అబిడ్స్ జీపీవో ముద్రతో పోస్టుకార్డు దిగింది. ‘అయ్యా, రాజాగారు పుట్టింది జూన్ 3న. తెలియకపోతే అడగండి, తప్పు మాత్రం రాయకండి. ఇట్లు, నాంపల్లి నుంచి ఒక శ్రోత.’ పేరు లేదు. మా చీఫ్ సబ్ దాన్ని చదివి, నా వైపోసారి చూసి, ఏమీ అనకుండా నా టేబుల్ అద్దం కింద పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది.

ఆ శ్రోత చెప్పింది నిజం. నేను రాసిందీ పూర్తిగా అబద్ధం కాదు. తమిళనాడు పణ్ణైపురంలో 1943 జూన్ 3న పుట్టిన ఇళయరాజా తన పుట్టినరోజును ఒకరోజు ముందుకు తెచ్చుకున్నారు. జూన్ 3 తమిళనాడు నేత కరుణానిధి పుట్టినరోజు. తనకు ‘ఇసైజ్ఞాని’ అని బిరుదిచ్చిన పెద్దాయన రోజున తన పేరు వినిపించకూడదని ఆ రోజును ఆయనకే వదిలేశారు. తరవాతెప్పుడో ఈ సంగతి ఆయనే చెప్పుకొచ్చారు. పుట్టిన తేదీని కూడా మర్యాద కోసం పక్కకు జరుపుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఎల్లుండి జూన్ 2. తెలంగాణ రాష్ట్రానికి పన్నెండేళ్లు నిండుతున్నాయి, మన లెక్కలో పుష్కరం. ఆ పోస్టుకార్డు పుణ్యమా అని నేనీ తేదీని ఇన్నేళ్లూ వదల్లేదు. తవ్వినకొద్దీ తెలిసిందేమిటంటే, జూన్ 2 ఖాతాలో ఉన్నవాటిలో చాలావాటికి ఆ తేదీ దానంతటది రాలేదు, ఎవరో కూర్చుని పెట్టారు. పెట్టినవాళ్లని జనం మరిచిపోతారు. పాటని మరిచిపోరు.

తొమ్మిది రేకులు

జూన్ 2 అంటే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో మృగశిర నాటి చేపమందు కోసం ఏర్పాట్లు మొదలయ్యే రోజులు. ఆ ఎండ ఇంకా ముదరకముందే, పొద్దున్నే, ముఖ్యమంత్రి కాన్వాయ్ అసెంబ్లీ ఎదుట గన్‌పార్కు దగ్గర ఆగుతుంది. ముఖ్యమంత్రి ఎవరైనా సరే, ఈ మజిలీ తప్పదు. అమరవీరుల స్థూపం దగ్గర పూలు పెట్టి, కాసేపు మౌనంగా నిలబడి, అక్కణ్నుంచి జెండా ఎగరేయడానికి వెళ్తారు. టీవీలో చూసేవాళ్లకి ఆ స్థూపం రెండు నిమిషాల దృశ్యం. దాన్ని చూడాల్సింది అలా కాదు.

1969 ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల గుర్తు అది. 369 మంది అన్నది ఉద్యమకారుల నోట నిలిచిపోయిన లెక్క. 1970లో పునాదిరాయి పడితే, పూర్తయ్యేసరికి 1975 వచ్చింది. చెక్కింది శిల్పి ఎక్కా యాదగిరిరావు. స్తంభం చివరన తెల్లటి పువ్వుంటుంది. దానికి తొమ్మిది రేకులు, ఎందుకంటే అప్పటికి తెలంగాణ జిల్లాలు తొమ్మిదే. రంగారెడ్డి జిల్లా పుట్టింది 1978లో. రాష్ట్రం వచ్చేనాటికి జిల్లాలు పదయ్యాయి, ఇప్పుడు ముప్పై మూడు. పువ్వు మాత్రం తొమ్మిది రేకుల దగ్గరే ఆగిపోయింది. రాతిలో సవరణ వేయడం కుదరదు కదా.

ఇంతమంది ఎదురుచూసిన రోజుకి తేదీ ఎక్కణ్నుంచి వచ్చిందంటే, ఒక గెజిట్ కాగితం నుంచి. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు రాష్ట్ర విభజన బిల్లును ఆమోదించింది. మార్చి 1న రాష్ట్రపతి సంతకం పడింది. మార్చి 4న కేంద్రం ఒక్క వాక్యపు నోటిఫికేషన్‌తో 2014 జూన్ 2ను ‘అపాయింటెడ్ డే’ చేసింది. వందల మంది ప్రాణాల మీదుగా వచ్చిన రాష్ట్రానికి పుట్టినరోజు పెట్టిన మాట అంత పొడిగా ఉంటుంది. జూన్ 1 అర్ధరాత్రి దాటగానే ఊరంతా బాణసంచా. పొద్దున 8.15కి రాజ్‌భవన్‌లో కేసీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అదే చట్టంలోని అయిదో సెక్షన్ హైదరాబాద్‌ను పదేళ్లకు మించకుండా రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని చేసింది. ఆ గడువు తీరింది 2024 జూన్ 2న. అది ఆదివారం.

ఆ ఆదివారం నేను అబిడ్స్‌లో ఉన్నాను. మూసేసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోసే బజారు వానొచ్చినా ఎండొచ్చినా ఆగదు. సరిగ్గా ఆ పూటే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతంగా వినిపించారు. రాష్ట్రం వచ్చిన పదేళ్లకు. పుస్తకాలమ్మే ఆయన ఫోన్‌లో లైవ్ పెట్టి, ఐఐటీ గైడ్ల దొంతికి ఆనించాడు. కీరవాణి స్వరపరిచిన కొత్త రూపం. పూర్తి పాట పదమూడున్నర నిమిషాలు, కార్యక్రమాల కోసం కుదించింది రెండున్నర నిమిషాలు. అంతకు ముందు వారమంతా రగడ. తెలంగాణ పాటకి ఆంధ్రా సంగీత దర్శకుడేమిటని ఇక్కడి సినీ సంగీత కళాకారులే ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఆ వాదనలో నేను దూరను. నా ఫిర్యాదు వేరే. బడికే పోని అందెశ్రీ పశువులు కాసి, తాపీ పట్టి, ఉద్యమంలో నిలబడి కట్టిన పాట అది. ధర్నా శిబిరంలో మైకు పాడైపోయాక బొంగురు గొంతులు ఎత్తుకున్న ‘జయ జయహే’ విన్నవాడికి, ఎంత పెద్ద వాద్యబృందం వెనకున్నా, ఎక్కడో ఒక చోట మట్టి తక్కువైనట్టు అనిపిస్తుంది. పుస్తకాలాయన మాత్రం ‘మంచిగనే ఉన్నది సార్, జర లంబా ఉన్నది’ అని తేల్చేశాడు. గత నవంబరు 10న అందెశ్రీ పోయారు. జయజయహే రాసిన మనిషి లేని మొదటి జూన్ 2 ఇది.

రెండు వందల వాట్లు

అబిడ్స్ అన్న పేరే ఒక దుకాణం పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన బట్టలూ నగలూ చూసుకున్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ పెట్టిన కొట్టు పోయింది, పేరు చౌరస్తాకి అంటుకుంది. అక్కణ్నుంచి నాంపల్లి వైపు నడిస్తే చిరాగ్ అలీ లేన్ వస్తుంది. బోర్డుల మీద బోర్డులు, బైకుల మధ్య బైకులు. ఈ గల్లీలోంచి హైదరాబాద్ మొదటిసారి రేడియో విన్నదని చెప్పే బోర్డు మాత్రం నాకెక్కడా కనపడలేదు.

1896 జూన్ 2న లండన్‌లో ఇరవై రెండేళ్ల మార్కోని, తీగ లేకుండా సంకేతాలు పంపే పద్ధతికి పేటెంటు కోరుతూ దరఖాస్తు పెట్టాడు. ముప్పై ఏడేళ్ల తరవాత, 1933లో, మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి చిరాగ్ అలీ లేన్‌లో సొంతంగా రేడియో కేంద్రం నడిపాడు. ట్రాన్స్‌మిటర్ శక్తి రెండు వందల వాట్లు. ఇవాళ ట్రూప్‌బజార్‌లో అమ్మే ఒక్క మిక్సీ అంతకు రెండింతలు లాగుతుంది. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పటి ఆకాశవాణి సైఫాబాద్‌లో, గన్‌పార్కుకి కూతవేటు దూరం. పాటలన్నీ మొదట ఈ చుట్టుపక్కలే గాల్లోకి లేచాయన్నమాట.

1953 జూన్ 2ని కూడా పెట్టుకున్న తేదీల్లోనే వేయాలి. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం. ఎండ కాసే రోజని ఏరి కోరి పెట్టుకుంటే లండన్‌లో వాన దంచింది. అబిడ్స్ పక్కనే కింగ్‌కోఠీలో ఉండే ఏడో నిజాం ఆవిడ పెళ్లికి 1947లో కార్టియర్ వజ్రాల హారం బహుమతి ఇచ్చాడు. పట్టాభిషేకం నాటికి ఆయన రాజు కాదు, భారత ప్రభుత్వం కింద రాజప్రముఖ్. ఇక్కడ పాలిస్తున్నది ఎన్నికైన బూర్గుల రామకృష్ణారావు. హారం మాత్రం రాణి దగ్గర డెబ్బై ఏళ్లకు పైగా ఉంది.

ఎవరూ పెట్టని జూన్ 2లూ ఉన్నాయి, ఒకటి 1988ది. నెల కిందట, మే 2న, ఢిల్లీలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకోవాల్సిన రాజ్ కపూర్‌కు సభలోనే ఊపిరాడలేదు. రాష్ట్రపతి వెంకట్రామన్ వేదిక దిగి ఆయన కూర్చున్న చోటికి వచ్చి అవార్డు చేతికిచ్చారు. సరిగ్గా నెలకి, జూన్ 2న, రాజ్ కపూర్ కన్నుమూశాడు. మన ఊరికి ఆయనేమవుతాడంటారా? ఆయన సినిమాలకు ప్రాణం పోసిన శంకర్-జైకిషన్ జంటలో శంకర్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. తెలుగు వచ్చు. ‘శ్రీ 420’ (1955)లో ‘రామయ్యా వస్తావయ్యా’ పాట హిందీ సినిమాలోకి నడిచొచ్చింది ఆయన వెంటే. ఆ పాట హిందీలో రాసింది శైలేంద్ర, పాడింది లత, రఫీ, ముకేశ్. పల్లవి మాత్రం మనది. అర్థం తెలియకుండానే దేశమంతా తెలుగులో పిలిచింది. 2013లో ఒక హిందీ సినిమా, ఒక తెలుగు సినిమా రెండూ అదే పేరు పెట్టుకుని వచ్చాయి. అప్పు ఇచ్చిన మాట వడ్డీతో తిరిగొచ్చినట్టు.

ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటూ వచ్చింది. రాజ్ కపూర్, నర్గిస్ నటించిన ‘ఆహ్’ను తెలుగులోకి ‘ప్రేమలేఖలు’గా డబ్బింగ్ చేస్తే ఆరుద్ర పాటలు రాశారు, జిక్కీ, ఏ.ఎం.రాజా పాడారు. అవి హిందీ బాణీలని మా అమ్మకు పెద్దయ్యేదాకా తెలియదు. ఎవరో చెప్తే ‘వాళ్లే మననుంచి తీసుకుని ఉంటారు’ అంది. ఆ మాటను నేనెప్పుడూ ఖండించలేదు.

తెల్ల డబ్బా

ఇళయరాజా దగ్గరికి మళ్లీ వస్తాను. జూన్ 2న పుట్టిన ఇంకొకాయన మణిరత్నం, 1956లో. ఈయన తేదీ అసలుదే. నేరుగా తెలుగులో ఆయన తీసిన సినిమా ‘గీతాంజలి’, 1989. సంగీతం ఎవరిదో చెప్పక్కర్లేదు. 2024లో ఆ ఆదివారం అబిడ్స్ పుస్తకాల పట్టా మీద, గైడ్ల పక్కన, అట్టపెట్టెలో క్యాసెట్లు కనిపించాయి. అందులో ‘గీతాంజలి’ ఉంది. లోపలి కాగితం వెలిసిపోయి నాగార్జున మొహం నీలం మరకైంది. డబ్బా మూత మడతబందు ఒకటి విరిగింది. క్యాసెట్ వెనక అంచున, చెరిగిపోకుండా ఉండాలని విరగ్గొట్టే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులూ లేవు. ఆ కంతల మీద ఎవరో సెల్లో టేపు అంటించారు. అలా అంటిస్తే మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. అంటే ‘గీతాంజలి’ మీద ఎవరో ఇంకేదో ఎక్కించారు.

‘ఎంత?’ అన్నాను.

‘ఇర్వై ఇయ్యుండ్రి సార్. క్యాసెట్ల కోసం ఎవరొస్తున్నరు, డబ్బాల కోసం కొంటున్నరు, కుట్టుమిషన్ సూదులేసుకోవడానికి.’

ఇంటికొచ్చి, అటక మీది టేప్‌రికార్డర్ దింపి, బెల్టు మార్పించి పెడితే, మొదటి పక్క పాటలు అలాగే ఉన్నాయి. రెండో పక్క తిప్పాను. పాట సగంలో తెగి, ఒక పిల్ల గొంతు ఎక్కాలు అప్పజెప్పడం మొదలైంది. పదమూడో ఎక్కం. పక్కనుంచి ఆడమనిషి ‘మళ్లీ చెప్పు’ అంటోంది. వెనకాల ఎక్కడో రైలు కూత, నాంపల్లి స్టేషన్‌దే అని నా నమ్మకం. ఇరవై రూపాయలకి ఇంత సరుకు ఈ మధ్య నేను కొనలేదు.

ఇంకో మాట మిగిలింది. ‘సాగర సంగమం’ విడుదలైంది 1983లో. ఇళయరాజాకు జాతీయ పురస్కారం తెచ్చిన సినిమా. విడుదల తేదీ జూన్ 3. ఆయనకు నలభై ఏళ్లు నిండిన అసలు రోజు. తేదీని ఆయన ఎవరికో ఇచ్చేసినా, తెలుగువాళ్లు ఆ రోజున ఆయన పాటలు విని బయటికొచ్చారు.

ఇవాళ ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచే ఉంటారు. ఎల్లుండి గన్‌పార్కుకి వెళ్లాలనుకుంటే అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగండి. కాన్వాయ్‌లు వెళ్లిపోయి, పోలీసులు తాళ్లు విప్పాక తల పైకెత్తి రేకులు లెక్కపెట్టండి. ఇక నాంపల్లి శ్రోతగారికి: అయ్యా, మీ కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ముప్పై ఏళ్ల కిందట వేయాల్సిన సవరణ ఇప్పుడు వేస్తున్నాను. ఇళయరాజా పుట్టింది జూన్ 3న.