మీకు తెలుసా? చేబ్రోలు పక్కనే యూదుల ప్రార్థనాలయం

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో శనివారం సబ్బాతు పాటిస్తారు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఈ పల్లెలో ‘బెనే ఎఫ్రాయిం’ సమాజం 1991లో సినగాగ్ నెలకొల్పుకుంది. వీరిది మాదిగ నేపథ్యం. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని వీరి విశ్వాసం.

మరి ప్రభుత్వ కాగితాల్లో? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. యూదు మతం అందులో లేదు. అధికారికంగా యూదులమని రాయించుకుంటే ఎస్సీ రిజర్వేషన్ వర్తించదు. కూలి కుటుంబాల పిల్లల చదువు, ఉద్యోగం ఆ ధ్రువపత్రం మీదే ఆధారపడతాయి. విశ్వాసానికి ఇంత మూల్యం అడగడం అన్యాయం.

విశ్వాసమా, బతుకు బాగా? ఇలాంటి చిక్కు గురించే నెపోలియన్ కాలంలో యూదుల హసిదిక్ భక్తి ఉద్యమానికి చెందిన ఒక రబ్బీ (మతగురువు) ఉత్తరం రాశారు. ఆయన చాబాద్ శాఖ స్థాపకుడు ష్నేయర్ జల్మన్. నెపోలియన్ గెలిస్తే యూదులకు సిరిసంపదలు పెరుగుతాయి, మనసులు మాత్రం దేవుడికి దూరమవుతాయి. జార్ అలెగ్జాండర్ గెలిస్తే పేదరికం పెరిగినా భక్తి నిలుస్తుంది. మిత్రుడు మోషే మైసెల్స్‌కు రాసిన ఉత్తరం సారాంశం ఇది. 1798లో రష్యా ప్రభుత్వం తనను జైల్లో పెట్టినా, ఆయన జార్ వైపే నిలిచారు. 1812లో ఫ్రెంచి సేనలు వస్తుంటే తానుంటున్న లియాది ఊరు విడిచి వెళ్లి, ఆ ఏడాది చివర్లో దారిలోనే కన్నుమూశారు.

ఇక మన దేశానికి వస్తే, మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వవచ్చా అన్నది పరిశీలించేందుకు కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది.