పలుగుకి తగిలిన చరిత్రలో కూలీ వాటా ఎంత?

మట్టి తవ్వేది కూలీ. పాత ఇటుక గాని, నాణేల కుండ గాని ముందు తగిలేది కూలీ పలుగుకే. ఆ తర్వాత ఆసామి "నోరెత్తకు" అంటాడు, సర్కారు "ముట్టుకోకు" అంటుంది. మరి కూలీకి దక్కేదేమిటి?

కృష్ణా డెల్టా నేలలో రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపాలున్నాయి. అవి జనం సొత్తు. వాటిని పాడుచేసింది మాత్రం జనం కాదు. 18వ శతాబ్దం చివర అమరావతి దిబ్బని రాళ్ళకోసం తవ్వించింది జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి మనుషులు. చెక్కిన రాళ్ళు సున్నపు బట్టీలకెక్కాయి. మిగిలినవాటిలో ఎన్నో తెల్లదొరలు లండన్ చేర్చారు, నేటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. భట్టిప్రోలు స్తూపం ఇటుకల్ని ఆనాటి ప్రభుత్వ ఇంజనీర్లే రోడ్డుకీ, రాళ్ళని వెల్లటూరు కాలవ తూముకీ వాడేశారు. మిగిలిన దిబ్బలోనే 1892లో అలెగ్జాండర్ రే అనే అధికారికి అక్షరాలు చెక్కిన ధాతుపేటికలు దొరికాయి.

కనుక కాపాడుకోవలసిందే. కాని ఆ భారం ఎవరి నెత్తిన పడుతోంది?

మన గుణదల పక్కనే మొగల్రాజపురం గుహలున్నాయి. 2010 చట్ట సవరణ ప్రకారం కేంద్రం రక్షణలోని కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. కొండని పిండిచేసే కాంట్రాక్టర్లకి ఈ కట్టడి అవసరమే. కాని రెక్కాడితేగాని డొక్కాడని మనిషి కారుతున్న కప్పు బాగుచేసుకోవాలన్నా ఆఫీసు గుమ్మం ఎక్కాలి. మరమ్మతుకి చట్టంలో వీలుంది. ఆ దరఖాస్తు రాసిపెట్టే పని సంఘాలు చేపట్టాలి.

చట్టంలో మనకి పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి రాసి తెలపాలి. దాని అసలు సొంతదారు తేలకపోతే దొరికినవాడికి ముప్పాతిక, నేల యజమానికి పావు. సర్కారే తీసుకుంటే సరుకు విలువకి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. అయితే ఒక మెలిక ఉంది. ముందే వేరే ఒప్పందం ఉంటే దాని ప్రకారమే పంపకం. అందుకే పనిలో దిగేముందు ఆసామి కాగితం చాపితే చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దు.

1958 పురాతన కట్టడాల చట్టం రక్షిత స్థలంలోనూ అడుగు లోతు మించని సేద్యాన్ని ఆపదు. తవ్వకాలవల్ల నష్టపోతే 27వ సెక్షన్ కింద పరిహారం ఇవ్వాలి. పట్టాదారుకే కాదు, భూమి అనుభవంలో ఉన్నవాడికీ. కౌలురైతులు ఇది గుర్తుంచుకోవాలి.

కాని ఆ పొలంలో పని పోయిన కూలీ ఊసు ఆ సెక్షన్‌లో లేదు! పరిహారంలో కూలీకీ వాటా ఉండాలి. తవ్వకం పని ముందు ఆ ఊరి కూలీలకే ఇవ్వాలి, చట్టప్రకారం కూలి కట్టాలి. దొరికిన వస్తువులు ఆ ప్రాంతంలోనే జనం చూసేలా ఉంచాలి. చరిత్రని మోసిన భుజాలకి చరిత్రలో భాగం అడగటం దయాభిక్ష కాదు, హక్కు.