కెర్నల్ హెడర్ ఫైళ్లు: పేర్ల ఏకరూపత, పూర్వానుకూలత

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• హెడర్ ఫైలులో పేరు మార్చితే కలిగే పరిణామాలను వివరించగలుగుతారు.
• బైనరీ స్థాయి అనుకూలతకు, సోర్సు స్థాయి అనుకూలతకు తేడా చెప్పగలుగుతారు.

4.3.1 హెడర్ ఫైలు ఒక ఒప్పందం

ప్రోగ్రాములు సిస్టమ్ కాల్స్ ద్వారా కెర్నల్ సేవలను పొందుతాయి. ఆ కాల్స్‌కు పంపే స్ట్రక్చర్ల పేర్లు, వాటి పరిమాణం, స్థిరాంకాల విలువలు హెడర్ ఫైళ్లలో ఉంటాయి. లినక్స్‌లో ఈ ఫైళ్లు రెండు రకాలు. మొదటి రకం కెర్నల్ లోపలి వాడకానికి మాత్రమే. రెండో రకం బయటి ప్రోగ్రాముల కోసం. వీటిని 2012లో 'యూఏపీఐ' అనే డైరెక్టరీలోకి వేరుచేశారు.

లోపలి పేరును మార్చడం సులభం. దాన్ని వాడే ఫైళ్లన్నీ కెర్నల్ సోర్సులోనే ఉంటాయి కాబట్టి ఒకేసారి సవరించవచ్చు. యూఏపీఐ పేరు విషయం వేరు. దాన్ని ఎక్కడెక్కడ, ఎవరెవరు వాడుతున్నారో కెర్నల్ రచయితలకు తెలిసే వీలు లేదు.

అందువల్లనే తప్పుగా కనిపించే పేర్లు కూడా నిలిచిపోతాయి. ఫైలును సృష్టించే యూనిక్స్ సిస్టమ్ కాల్ పేరులో 'క్రియేట్' అనే ఇంగ్లిష్ మాటకు చివర ఉండవలసిన 'ఈ' అక్షరం లేదు. లినక్స్‌లో నేటికీ అదే పేరు ఉంది. బెల్ ల్యాబ్స్‌లో తరవాత రూపొందిన ప్లాన్ 9 వ్యవస్థకు పాత ప్రోగ్రాముల బాధ్యత లేదు. అందులో 'ఈ' వచ్చి చేరింది.

4.3.2 ఒక ఉదాహరణ: 'ప్రైవేట్' అనే మెంబర్

లినక్స్‌లోని 'కీసీటీఎల్' హెడర్‌లో డిఫీ-హెల్మన్ గణనకు ఒక స్ట్రక్చర్ ఉంది. అందులో 'ప్రైవేట్', 'ప్రైమ్', 'బేస్' అనే మూడు మెంబర్లు, ఒక్కొక్కటి 4 బైట్లు. 'ప్రైవేట్' అనేది సీ భాషలో మామూలు పేరే. సీ++ భాషలో మాత్రం అది రిజర్వు చేసిన పదం. కాబట్టి ఈ హెడర్‌ను చేర్చుకున్న సీ++ ప్రోగ్రాము కంపైల్ కాదు.

దీన్ని సరిచేయడానికి మెంబర్ పేరును 'డీహెచ్_ప్రైవేట్' అని మార్చారు. కంపైల్ అయిన ప్రోగ్రాములో మెంబర్ల పేర్లు అవసరం లేదు. 0, 4, 8 బైట్ల స్థానాలే ఉంటాయి. అవి మారలేదు. అంటే బైనరీ స్థాయిలో నష్టం లేదు. కానీ 'ఐడబ్ల్యూడీ' అనే వైఫై ప్రోగ్రామును కొత్త హెడర్‌తో మళ్లీ కంపైల్ చేస్తే, 'ప్రైవేట్' అనే మెంబర్ లేదని కంపైలర్ ఆగిపోయింది. సోర్సు స్థాయిలో ఒప్పందం తెగింది. 2018 సెప్టెంబరులో ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు.

తరవాతి పరిష్కారం గమనించండి. మొదటి మెంబర్ స్థానంలో పేరు లేని యూనియన్ పెట్టారు. అందులో 'ప్రివ్' అనే కొత్త పేరు ఎప్పుడూ ఉంటుంది. 'ప్రైవేట్' అనే పాత పేరు సీ++ కానప్పుడు మాత్రమే కనిపిస్తుంది. రెండూ ఒకే 4 బైట్లను సూచిస్తాయి. పాత సోర్సు, పాత బైనరీ, సీ++ ప్రోగ్రాము మూడూ పనిచేస్తాయి.

4.3.3 మారుపేరుకయ్యే ఖర్చు

పాత పేరును ఉంచి కొత్తది చేర్చడం సురక్షితమైన పద్ధతే గాని ఉచితం కాదు. లినక్స్‌లో 'ఈఅగెయిన్', 'ఈవుడ్‌బ్లాక్' అనే రెండు ఎర్రర్ పేర్లకూ విలువ 11. ఒకే స్విచ్ స్టేట్‌మెంట్‌లో రెండింటికీ వేర్వేరు కేస్‌లు రాస్తే, ఒకే విలువ రెండుసార్లు వచ్చిందని కంపైలర్ తిరస్కరిస్తుంది. కాబట్టి హెడర్‌ను విడుదల చేయకముందే పేరును పరీక్షించడం అన్నిటికన్నా చవక.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మెంబర్ పేరు మారినా పాత బైనరీ ఎందుకు పనిచేస్తుంది?
2. యూనియన్‌కు బదులు 'ప్రివ్'ను నాలుగో మెంబర్‌గా స్ట్రక్చర్ చివర చేర్చి ఉంటే ఏ ఇబ్బంది వచ్చేది?

సారాంశం

లోపలి హెడర్లలో ఏకరూపతకు, యూఏపీఐ హెడర్లలో పూర్వానుకూలతకు ప్రాధాన్యం ఇవ్వాలి. రెండూ కావాలంటే పాత పేరును తీసివేయకుండా, పరిమాణాన్నీ స్థానాలనూ మార్చకుండా కొత్త పేరును చేర్చాలి.