మతం లెక్కా, భూమి లెక్కా? 1948ని అంకెల్లో చదివితే

1941 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల మంది ఉండేవారు. వారిలో ముస్లింలు 13 శాతం దాకా. రాజైన నిజాం ముస్లిం. ఈ మూడు ముక్కలు చెప్పి ఆపేస్తే 1948లో జరిగింది మతయుద్ధమే అనిపిస్తుంది. ఏటా సంస్థానం భారత్‌లో కలిసిన రోజైన సెప్టెంబరు 17న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వేదికల మీద చాలామంది చెప్పేదీ ఈ కథే. దాని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. సంస్థానంలోని 5 కోట్ల 30 లక్షల ఎకరాల్లో దాదాపు 60 శాతం దివానీ, 30 శాతం ప్రభువులకు రాసిచ్చిన జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫెఖాస్.

దివానీ అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టే భూమి. కాగితం మీద అంతే. ఊళ్లలో మాత్రం ఆ శిస్తు వసూలు తరాల తరబడి దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేల చేతిలో ఉండేది. 19వ శతాబ్దంలో నిజాం ప్రధాని సాలార్‌జంగ్ సంస్కరణలు వాళ్ల నుంచి వసూలు బాధ్యతను తప్పించాయి. కానీ సర్వే, సెటిల్‌మెంట్ జరిగేసరికి మంచి భూములు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. వీళ్లలో అత్యధికులు హిందువులే. జనగామ వైపు విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవి. భూమి తగాదాలో ఆ దొరకు ఎదురు నిలిచి, దొర మనుషుల చేతుల్లో చనిపోయిన రైతు షేక్ బందగీ. అక్కడ దొర హిందువు, రైతు ముస్లిం.

ఇప్పుడు కరీంనగర్‌కు వద్దాం. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో కమ్యూనిస్టు సాయుధ దళ నాయకుడు అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు నిజాం పక్షపు ప్రైవేటు సేన అయిన రజాకార్ల, నిజాం పోలీసుల కాల్పుల్లో అమరులయ్యారు. అనభేరి స్వయంగా భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు. ఆయన దళం ఊరూరా వెతికి కాల్చింది పటేల్, పట్వారీల దగ్గరున్న దస్త్రాలను. ఎవరికి ఎంత బాకీ, ఏ చెలక ఎవరి పేరున ఉంది, ఎవరు ఎంత లెవీ ధాన్యం పెట్టాలి అన్న రాతలన్నీ వాటిలోనే ఉండేవి. వెట్టి చేసే మనిషి మెడకు ఉరి ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు.

అవతలి పక్షంలోనూ మతాలు కలిసే ఉన్నాయి. 1947 చివర ఏర్పడిన లాయక్ అలీ ప్రభుత్వంలో ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి, వరంగల్ ప్రాంతపు హిందూ భూస్వామి. రజాకార్లు ఊళ్లమీద పడినప్పుడు వాళ్లకు దొరల గడీల్లోనే విడిది దొరికేది. అదే రజాకార్లు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపినవారిలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. సంస్థానం భారత్‌లో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం.

మతయుద్ధాలు అనగానే లోకం ఉదాహరణగా చూపేది యూరప్‌ను. అక్కడి లెక్కలూ ఇలాగే మాట్లాడతాయి. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో 45 లక్షల నుంచి 80 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆయుధాల కంటే ఆకలి, అంటురోగాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య జరిగిందని చెప్పే ఆ యుద్ధంలో 1631లో ప్రొటెస్టెంట్ స్వీడన్ సైన్యానికి ఏటా 4 లక్షల థాలర్లు ఇస్తానని ఒప్పుకున్నది కాథలిక్ ఫ్రాన్స్. ఆ దేశపు వ్యవహారాలు నడిపిన రిషెల్యూ సాక్షాత్తూ చర్చి కార్డినల్. ఆస్ట్రియా రాజవంశం బలం తగ్గడమే ఆయనకు కావలసింది. అంతకు రెండేళ్ల ముందు ఆ వంశపు చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞ చూడండి: 1552 తర్వాత ప్రొటెస్టెంట్ల చేతిలోకి పోయిన చర్చి భూములన్నీ తిరిగి ఇవ్వాలి. ఇంగ్లండ్‌లోనూ అంతే. 1536-40 మధ్య ఎనిమిదో హెన్రీ దాదాపు 800 మఠాలను మూయించాడు. వాటి భూములు మొదట రాజు ఖజానాకు, తర్వాత కొన్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. మళ్లీ పాత మతానికి మారదామంటే ఆ కొన్నవాళ్లు ఒప్పుకుంటారా?

మన ఆదిలాబాద్‌కు బాగా దగ్గరగా వచ్చేది మాత్రం 1524-25 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటు. మెమ్మింగెన్ పట్టణంలో రైతులు 12 డిమాండ్లు రాసుకున్నారు. పాస్టర్‌ను మేమే ఎన్నుకోవాలన్నది మొదటిది. ఆ తర్వాత వచ్చేవి దశమభాగం పన్ను, బానిసత్వం, వేట, చేపలు, అడవిలో కట్టెలు, వెట్టి చాకిరీ, ఊరుమ్మడి బీళ్లు. భాష బైబిల్‌ది, బాధ కడుపుది. వాళ్లు నమ్ముకున్న మత సంస్కర్త లూథరే చివరకు రాజుల పక్షాన నిలిచాడు. లక్ష మంది దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం చనిపోయేనాటికి 12 గూడేల జనం అడిగినవీ ఇవే: పోడు చేసుకునే నేల, పశువులు మేసే అడవి, వాగు నీళ్లు. నిజాం పోలీసులు భీంను కాల్చేశారు. ఆ నిజాం సర్కారే తర్వాత మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పిలిచి నివేదిక రాయించింది, మర్లవాయిలో బడి పెట్టించింది, 1949 నాటికి ఆదిలాబాద్ ఆదివాసీలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు దక్కే పనికి దారి తీసింది. కొట్లాట మతం మీదే అయి ఉంటే పట్టాలతో చల్లబడేది కాదు. ఇంకా వెనక్కి, 1860లో నిర్మల్‌లో ఉరికంబం ఎక్కిన రాంజీగోండు పక్కన గోండులతో పాటు ముస్లింలైన రోహిల్లాలూ పోరాడారు.

ఇంతవరకు వచ్చి మతానికి ఏ పాత్రా లేదని తేల్చేస్తే అది అబద్ధమవుతుంది. సంస్థానాన్ని కలుపుకోవడానికి భారత సైన్యం జరిపిన పోలీసు చర్య 1948 సెప్టెంబరు 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా జరిగిన హత్యాకాండను పరిశీలించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో బృందాన్ని పంపింది. సంస్థానం మొత్తం మీద కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ఆ బృందం లెక్క కట్టింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ నాలుగు జిల్లాల్లోనే 18 వేలు. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్‌లలో మరో 5 వేలు. ఎక్కువగా దెబ్బతిన్న ఈ ఎనిమిదిలో కరీంనగర్, ఆదిలాబాద్ లేవు. అలాగని ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదని అర్థం కాదు. ఆ చంపినవాళ్లు ఎదుటి మనిషికి ఎన్ని ఎకరాలున్నాయో అడగలేదు, పేరు అడిగారు. 1572 ఆగస్టులో పారిస్‌లో రెండు, మూడు వేల మంది ప్రొటెస్టెంట్లను ఇరుగుపొరుగులే చంపిందీ ఇలాగే. కొట్లాట భూమి కోసం మొదలైనా, కత్తి ఎవరి మీద పడాలో మతం చెప్పింది. సుందర్‌లాల్ బృందం నివేదికను ప్రభుత్వాలు దశాబ్దాల పాటు బయటపెట్టకపోవడం పెద్ద తప్పు.

ఆ తర్వాతి తేదీలు చూడండి. నిజాం పాలన 1948 సెప్టెంబరులో పోయింది. కమ్యూనిస్టుల నాయకత్వంలోని రైతుల సాయుధ పోరాటం 1951 అక్టోబరు 21 దాకా, అంటే మరో మూడేళ్లు నడిచింది. ఎదురుగా ఉన్నది ఢిల్లీ సైన్యం, తిరిగి ఊళ్లకు వచ్చిన దొరలు. ఆ మొత్తం పోరాటంలో 4 వేల మంది కార్యకర్తలు, రైతులు చనిపోయారని, 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. నిజాం మాత్రం 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా కొనసాగాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. అయినా 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు వెట్టి, దొరతనాల మీద కదం తొక్కారు. అదే ఏడు అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పుల్లో సర్కారు లెక్కకే 13 మంది చనిపోయారు. అప్పటికి నిజామూ లేడు, రజాకార్లూ లేరు.

మీ ఊరి 1954-55 ఖాస్రా పహాణీని ఒకసారి చూడండి. అందులో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, సాగు చేస్తున్నదెవరో రాసి ఉంటుంది. ఊళ్లో పెద్దలను అడిగి, ఆ భూమి 1948కి ముందు ఎవరిదో, తర్వాత ఎవరి చేతికి పోయిందో రాసుకోండి. వచ్చే సెప్టెంబరు 17న మైకు ముందుకు వెళ్లేవాళ్లు ఆ కాగితం చేతపట్టుకుని వెళ్లాలి.